ఏది ముందు అయిపోతుంది? మోల్ లెక్కలూ, లిమిటింగ్ రియాక్టెంట్ పట్టే పద్ధతీ

ఇంటర్ ఫస్టియర్ పిల్లలకు కెమిస్ట్రీ మీద విరక్తి పుట్టేది ఎక్కువగా మోల్ దగ్గరే. ఆవర్తన పట్టిక ఎలాగో బట్టీ కొట్టేస్తారు, బంధాల బొమ్మలు వేసేస్తారు. "ఇది 12 గ్రాములు, అది 10 గ్రాములు కలిపితే ఎంత వస్తుంది, ఏది మిగులుతుంది?" అనేసరికి పెన్ను నోట్లో పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తారు.

తిరుపతి బైరాగిపట్టెడలో మా మేడ మీద గదిలో నేను ట్యూషన్ చెబుతాను. ఎంపీసీ వాళ్ళూ బైపీసీ వాళ్ళూ ఒకే చాప మీద కూర్చుంటారు. పాకాల, చంద్రగిరి వైపు పోయే పిల్లలకు కాలేజీ వదిలాక బండి టైమయ్యేలోపు దొరికేది ఒక గంట. ఆ గంటలో వాళ్ళకు ఈ లెక్క వచ్చి తీరాలి. అందుకని నేను చెప్పే పద్ధతిలో అలంకారాలేమీ ఉండవు. ఒకే ఒక్క కట్టుబాటు: గ్రాములను గ్రాములతో ఎప్పుడూ పోల్చకూడదు. ముందు అన్నిటినీ మోల్స్‌లోకి మార్చాలి, ఆ తర్వాతే ఎక్కువ తక్కువల మాట.

ఈ వ్యాసంలో రసాయన సంకేతాలు రాయడం లేదు, పేర్లతోనే నడిపిస్తాను. సంకేతాలు మీ పుస్తకంలో ఉన్నాయి. మనకు ఇక్కడ కావలసింది సమీకరణంలో వాటి ముందుండే అంకెలు.

డబ్బాలు

బోర్డు పక్కన అరలో ఐదు ప్లాస్టిక్ డబ్బాలు పెట్టాను. ఒకదాంట్లో 18 గ్రాముల నీళ్ళు. ఒకదాంట్లో ఉండ చుట్టిన 27 గ్రాముల అల్యూమినియం ఫాయిల్. ఒకదాంట్లో 58.5 గ్రాముల ఉప్పు, ఇంకోదాంట్లో 84 గ్రాముల వంట సోడా, అన్నిటికన్నా పెద్దదాంట్లో 342 గ్రాముల చక్కెర. కొత్తగా చేరిన వాళ్ళ చేతికి ఒక్కొక్కటే ఇచ్చి చూడమంటాను. నీళ్ళ డబ్బాలో ఉన్నవి మూడున్నర టీ చెంచాలు, అడుగు తడిసినట్టు ఉంటుంది. చక్కెర డబ్బా మాత్రం చేతికి బాగానే బరువు తెలుస్తుంది.

ఐదింటిలోనూ ఉన్నది ఒక్కో మోలే. అంటే ఒక్కోదాంట్లో 6.022 × 10²³ కణాలు. నీళ్ళలో, చక్కెరలో అన్ని అణువులు. అల్యూమినియంలో అన్ని పరమాణువులు. ఉప్పులో అన్ని సోడియం, క్లోరైడ్ జతలు. లెక్క ఒకటే, బరువులు వేరు. ఎందుకంటే ఒక చక్కెర అణువు ఒక నీటి అణువు కంటే 19 రెట్లు బరువు.

ఈ సంఖ్యకు పేరున్న అవగాడ్రో దీన్ని ఎప్పుడూ లెక్కగట్టలేదు. 1811లో ఆయన చెప్పింది ఇంతే: ఒకే ఉష్ణోగ్రత, ఒకే పీడనం దగ్గర సమాన ఘనపరిమాణం ఉన్న వాయువుల్లో అణువుల సంఖ్య సమానం. దాదాపు వందేళ్ళ తర్వాత, 1909లో, ఫ్రెంచి శాస్త్రవేత్త పెరిన్ గౌరవంగా ఆయన పేరు పెట్టాడు. పాత పుస్తకాల్లో మోల్ నిర్వచనం 12 గ్రాముల కార్బన్-12 చుట్టూ తిరుగుతుంది. 2019 మే 20 నుంచి ఆ గొడవ లేదు. మోల్ అంటే సరిగ్గా 6.02214076 × 10²³ కణాలు అని ఖాయం చేసేశారు. అన్నగారి పాత పుస్తకం చదివే తమ్ముళ్ళు ఇది ఒకసారి చూసుకోండి.

మోల్‌లోకి దారులు

లెక్కలో బరువు ఇస్తే అణుభారంతో భాగించండి. వాయువు ఘనపరిమాణాన్ని ఎస్‌టీపీ (ప్రమాణ ఉష్ణోగ్రత, పీడనం) దగ్గర లీటర్లలో ఇస్తే 22.4తో భాగించండి. ద్రావణం ఇస్తే మొలారిటీని (లీటరు ద్రావణంలో ఎన్ని మోల్స్ ఉన్నాయో ఆ అంకెను) లీటర్లతో గుణించండి. ఎక్కువగా వాడే దారులు ఈ మూడే.

అణుభారం వేయాలంటే కొన్ని పరమాణు భారాలు నాలుక చివర ఉండాలి: హైడ్రోజన్ 1, కార్బన్ 12, నైట్రోజన్ 14, ఆక్సిజన్ 16, సోడియం 23, మెగ్నీషియం 24, అల్యూమినియం 27, సల్ఫర్ 32, క్లోరిన్ 35.5, కాల్షియం 40, ఇనుము 56. ఒక్క గుంట ఉంది, దాంట్లో పడకండి. "నైట్రోజన్ వాయువు" అంటే రెండు పరమాణువుల అణువు, కాబట్టి 28. అక్కడ 14 వేసే వాళ్ళు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. హైడ్రోజన్ వాయువు 2, ఆక్సిజన్ 32, క్లోరిన్ 71.

22.4 మీద ఒక మాట. అది 0 డిగ్రీల సెల్సియస్, 1 అట్మాస్ఫియర్ పీడనం దగ్గరి విలువ. 1982లో ఐయూపీఏసీ (అంతర్జాతీయ రసాయన శాస్త్ర సంఘం) ప్రమాణ పీడనాన్ని 1 బార్‌కు మార్చింది. ఆ లెక్కన 22.7 లీటర్లు. కొన్ని పుస్తకాల్లో ఇది, కొన్నిటిలో అది కనిపించి పిల్లలు టెన్షన్ పడతారు. ప్రశ్నలో పీడనం ఏ యూనిట్‌లో ఇచ్చారో చూడండి. ఏమీ ఇవ్వకపోతే ఆప్షన్లే చెబుతాయి: 22.4తో వేస్తే వచ్చే జవాబు అక్కడ ఉందంటే వాళ్ళు అదే వాడారని అర్థం.

ద్రావణాల దగ్గర లీటర్లలోకి మార్చి 0.05, 0.025 అని సున్నాలు లెక్కపెట్టుకోవడం కంటే మిల్లీలీటర్లను నేరుగా మొలారిటీతో గుణించేయండి. మిల్లీమోల్స్ వస్తాయి. 50 మిల్లీలీటర్లు, 0.2 మోలార్ అంటే 10 మిల్లీమోల్స్. రెండో పదార్థాన్ని కూడా మిల్లీమోల్స్‌లోనే పెట్టుకుంటే చివరిదాకా దశాంశాల బెడదే ఉండదు.

సమీకరణంలో అంకెలు

అమ్మోనియా తయారీ ఇలా ఉంటుంది:

నైట్రోజన్ 1 + హైడ్రోజన్ 3 → అమ్మోనియా 2

ఈ 1, 3, 2 గ్రాములు కావు. ఒక మోల్ నైట్రోజన్‌కు మూడు మోల్స్ హైడ్రోజన్ కావాలి, రెండు మోల్స్ అమ్మోనియా వస్తుంది అని. పెళ్ళిలో తాంబూలం సంచులు కట్టేటప్పుడు సంచికి ఒక కొబ్బరికాయ, రెండు అరటిపండ్లు అనుకున్నాం. ఇంట్లో 60 కాయలు, 100 పండ్లు ఉన్నాయి. ఎన్ని సంచులు? 50. పండ్లు అయిపోయాయి, పది కాయలు మిగిలాయి. పండ్లే ఎక్కువ ఉన్నా ముందు అయిపోయింది అవే, ఎందుకంటే సంచికి రెండేసి పోతాయి. అక్కడ కూర్చున్న పిన్నమ్మలెవరూ కాయల బరువునూ పండ్ల బరువునూ తూకం వేసి చూడరు. ముందు అయిపోయి చర్యను ఆపేసే పదార్థమే లిమిటింగ్ రియాక్టెంట్. దాని లెక్క మొత్తం ఇందులోనే ఉంది: 100ను 2తో భాగించాం, 60ని 1తో భాగించాం, తక్కువ వచ్చిన దాన్ని పట్టుకున్నాం.

సమీకరణం తుల్యం కాకపోతే ఆ తర్వాత ఏం చేసినా వృథా. ప్రశ్నలోనే సమీకరణం ఇచ్చినా రెండు పక్కలా పరమాణువులు ఒకసారి లెక్కపెట్టుకోండి. తుల్యం చేయని సమీకరణాన్ని కావాలనే ఇచ్చే పేపర్లు ఉంటాయి.

రఫ్ పేజీలో ఏం రాయాలి

లెక్క ఇది: 70 కిలోల నైట్రోజన్, 12 కిలోల హైడ్రోజన్ ఉన్నాయి. పూర్తిగా చర్య జరిగితే ఎంత అమ్మోనియా వస్తుంది? ఏది ఎంత మిగులుతుంది?

పాకాల నుంచి వచ్చే ఒక అబ్బాయి దీనికి అర నిమిషంలో "హైడ్రోజన్" అన్నాడు. జవాబు కరెక్టే. ఎలా చెప్పావు నాయనా అంటే, "12 కేజీలే కదా మేడం, తక్కువుండేది అదే కదా" అన్నాడు. పేజీలో 70, 12 అని రాసి, 12 చుట్టూ గుండ్రంగా గీసి, దాని పక్కన టిక్కు కూడా వేసుకున్నాడు. ఇంకేమీ రాయలేదు. ఇలాంటి కరెక్టు జవాబు తప్పు జవాబు కంటే ప్రమాదం. వాడికి నేను వెంటనే ఇంకో లెక్క ఇచ్చాను: 12 గ్రాముల మెగ్నీషియం, 10 గ్రాముల ఆక్సిజన్. మళ్ళీ తక్కువున్న 10 చుట్టూ గీశాడు. ఈసారి తప్పు.

మొదటి లెక్కను వరసగా చేద్దాం. 70 కిలోలంటే 70,000 గ్రాములు, దాన్ని 28తో భాగిస్తే 2500 మోల్స్ నైట్రోజన్. 12,000 గ్రాములను 2తో భాగిస్తే 6000 మోల్స్ హైడ్రోజన్. మోల్స్ చూస్తే హైడ్రోజనే రెండింతల పైన ఉంది. ఇప్పుడు ఒక్కోదాన్ని దాని గుణకంతో, అంటే సమీకరణంలో దాని ముందున్న అంకెతో, భాగించండి. నైట్రోజన్ 2500 ÷ 1 = 2500. హైడ్రోజన్ 6000 ÷ 3 = 2000. తక్కువ 2000, కాబట్టి ముందు అయిపోయేది హైడ్రోజన్. బరువు తక్కువని కాదు, మోల్స్ తక్కువని అసలే కాదు.

ఈ 2000 అనే అంకెను గట్టిగా పట్టుకోండి. చర్య ఎన్నిసార్లు జరుగుతుందో అది చెబుతుంది. తర్వాతి లెక్కంతా దాని నుంచే:

ఉన్నది: నైట్రోజన్ 2500, హైడ్రోజన్ 6000, అమ్మోనియా 0
ఖర్చు లేదా రాబడి: నైట్రోజన్ 2000 పోయింది, హైడ్రోజన్ 6000 పోయింది, అమ్మోనియా 4000 వచ్చింది
చివర: నైట్రోజన్ 500, హైడ్రోజన్ 0, అమ్మోనియా 4000

ఇక గ్రాముల్లోకి. అమ్మోనియా అణుభారం 17, అంటే 68 కిలోలు. మిగిలిన నైట్రోజన్ 500 × 28, అంటే 14 కిలోలు. మొదట మన దగ్గరున్నది 70 + 12 = 82. చివర ఉన్నది 68 + 14 = 82. సరిపోయింది. ఈ కూడిక చేయడానికి ఐదు సెకన్లు చాలు. ఇది చేయకుండా పేజీ తిప్పిన వాళ్ళను నేను మళ్ళీ వెనక్కి తిప్పిస్తాను. మోల్స్ కూడితే మొదటికీ చివరికీ సరిపోవాలన్న రూలేమీ లేదు (ఇక్కడే చూడండి, 8500 మోల్స్ 4500 అయ్యాయి). బరువు మాత్రం సరిపోయి తీరాలి.

ఇప్పుడు మెగ్నీషియం. మెగ్నీషియం 2 + ఆక్సిజన్ 1 → మెగ్నీషియం ఆక్సైడ్ 2. 12 ÷ 24 = 0.5 మోల్. 10 ÷ 32 = 0.3125 మోల్. గుణకాలతో భాగిస్తే మెగ్నీషియంకు 0.25, ఆక్సిజన్‌కు 0.3125. బరువులోనూ మోల్స్‌లోనూ ఎక్కువున్న మెగ్నీషియమే ముందు అయిపోయింది. ఆక్సైడ్ 0.5 మోల్, అంటే 20 గ్రాములు. ఆక్సిజన్ 0.25 మోల్ ఖర్చయి 0.0625 మిగిలింది, అంటే 2 గ్రాములు. 22కు 22.

"తక్కువ మోల్స్ ఉన్నదే లిమిటింగ్" అని ఒక కాలేజీ మెటీరియల్‌లో పెట్టెగట్టి అచ్చేసి ఉండగా చూశాను. గుణకాలన్నీ ఒకటే అయితే అది చెల్లుతుంది. లేకపోతే ముంచుతుంది. పైన చేసిన రెండు లెక్కలూ ఆ షార్ట్‌కట్‌తో తప్పే వస్తాయి, వేసి చూసుకోండి.

బెలూన్లు

కాగితం మీద నమ్మని వాళ్ళ కోసం మేడ మీద ఈ ప్రయోగం చేయిస్తాను. కావలసినవి నాలుగు ఖాళీ లీటరు వాటర్ బాటిళ్ళు, నాలుగు బెలూన్లు, ఒక వెనిగర్ సీసా, వంట సోడా, గ్రాముల్లో చూపించే చిన్న డిజిటల్ కాటా. చర్య ఇది: వంట సోడా 1 + ఎసిటిక్ ఆమ్లం 1 → సోడియం ఎసిటేట్ 1 + నీరు 1 + కార్బన్ డయాక్సైడ్ 1. అన్నీ ఒకట్లే, తేలిక.

ముందు సీసా మీద లేబుల్ చదవాలి. మేము వాడేదాంట్లో ఎసిటిక్ ఆమ్లం 4 శాతం, అంటే 100 మిల్లీలీటర్లలో 4 గ్రాములు. ఒక్కో బాటిల్‌లో 60 మిల్లీలీటర్లు పోస్తే అందులో ఆమ్లం 2.4 గ్రాములు. అణుభారం 60 కాబట్టి 0.04 మోల్. దానికి సరిపోయే సోడా 0.04 × 84 = 3.36 గ్రాములు. మీ సీసా మీద 5 శాతం అని ఉంటే లెక్క మారుతుంది, మళ్ళీ వేసుకోండి.

బెలూన్లలో వరసగా 1, 2, 3.4, 5 గ్రాముల సోడా నింపాలి. కాగితాన్ని గరాటులా చుడితే సోడా బెలూన్‌లోకి బాగా జారుతుంది. బెలూన్ మూతిని బాటిల్ మూతికి తొడిగి, నిలబెడితే సోడా వెనిగర్‌లో పడుతుంది. వాయువు బెలూన్‌లోకే పోవాలి, ఎట్టి పరిస్థితిలోనూ బాటిల్‌కు మూత బిగించకండి.

నాలుగింటినీ పిట్టగోడ మీద వరసగా పెట్టి చూస్తే ఒకటి కంటే రెండు పెద్దది, రెండు కంటే మూడు పెద్దది. నాలుగోది మూడో దానంతే. సోడా గ్రామున్నర పైన ఎక్కువేసినా పిసరు కూడా పెరగదు. 30 డిగ్రీల దగ్గర ఒక మోల్ వాయువు సుమారు 25 లీటర్లు ఆక్రమిస్తుంది. కాబట్టి మొదటి బెలూన్‌లోకి దాదాపు 0.3 లీటరు, రెండో దాంట్లోకి 0.6, మూడు నాలుగుల్లోకి ఒక్కో లీటరు చొప్పున రావాలి. కొంచెం వాయువు నీళ్ళలో కరిగిపోతుంది, కొంచెం తొడిగేటప్పుడు పోతుంది, కొలిస్తే ఆ మేరకు తగ్గుతుంది.

దీని తర్వాత చేసేదే నాకు ఇష్టమైన భాగం. బెలూన్లు తీసేశాక నాలుగు బాటిళ్ళూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. నాలుగో దాంట్లో మిగిలిన సోడా నీళ్ళలో కరిగిపోయి కంటికి కనపడదు. ఏ బాటిల్‌లో ఏది మిగిలిందో చెప్పమంటే ఎలా చెబుతారు? మొదటి దాంట్లో చిటికెడు సోడా వేయండి, బుసబుసా పొంగుతుంది. అంటే అక్కడ ఆమ్లం మిగిలి ఉంది, అయిపోయింది సోడా. నాలుగో దాంట్లో సోడా వేస్తే ఉలుకూ పలుకూ ఉండదు. దాంట్లోనే చెంచాడు వెనిగర్ పోస్తే పొంగుతుంది. అక్కడ ఆమ్లం అయిపోయింది. మూడో దాంట్లో రెండిటికీ పెద్దగా చలనం ఉండదు. ఇది కళ్ళతో చూసిన పిల్లలు "ఎక్సెస్" అనే మాట దగ్గర మళ్ళీ తడబడరు.

స్టవ్ మీద మంట పసుపుగా ఉంటే

పుస్తకాల్లో లిమిటింగ్ రియాక్టెంట్ అంటే ఎంత సరుకు వస్తుంది, ఎంత మిగులుతుంది అన్నంతవరకే ఉంటుంది. వంటింట్లో ఇంకో సంగతి కనిపిస్తుంది. ఏది తక్కువైందన్న దాన్ని బట్టి వచ్చే సరుకే మారిపోతుంది.

ఇంట్లో వాడే వంటగ్యాస్ సిలిండర్‌లో గ్యాస్ 14.2 కిలోలు. అది ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం. లెక్క కోసం మొత్తం బ్యూటేనే అనుకుందాం. బ్యూటేన్ 2 + ఆక్సిజన్ 13 → కార్బన్ డయాక్సైడ్ 8 + నీరు 10. బ్యూటేన్ అణుభారం 58, కాబట్టి సిలిండర్‌లో సుమారు 245 మోల్స్. ఒక్కో మోల్‌కు ఆరున్నర మోల్స్ ఆక్సిజన్, అంటే సుమారు 1591 మోల్స్, దాదాపు 51 కిలోలు. సిలిండర్ మోసుకొచ్చే అన్నకు 14.2 కిలోల గ్యాసే లెక్క. ఆ గ్యాస్ మండడానికి మనం ఎవరికీ డబ్బు కట్టకుండా వంటింటి గాలి నుంచి తీసుకునేది 51 కిలోల ఆక్సిజన్. గాలిలో ఆక్సిజన్ బరువు ప్రకారం 23 శాతమే కాబట్టి, గాలి లెక్కన 220 కిలోలు. సిలిండర్ అయిపోయేసరికి బయటికి పోయిన కార్బన్ డయాక్సైడ్ 43 కిలోలు.

కిటికీ తెరిచి ఉండి, బర్నర్ శుభ్రంగా ఉన్నంతకాలం లిమిటింగ్ రియాక్టెంట్ గ్యాసే. మంట నీలంగా ఉంటుంది. బర్నర్ రంధ్రాల్లో పాలు పొంగి గడ్డకట్టాయి, లేదా గాలి పీల్చుకునే దారిలో మురికి చేరింది అనుకోండి. గ్యాస్‌తో కలిసే గాలి తగ్గి, మంట దగ్గర ఆక్సిజన్ చాలదు. మంట పసుపుకు తిరుగుతుంది, గిన్నె అడుగున మసి పడుతుంది. ఆ మసి కాలని కార్బన్. దాంతోపాటు కంటికి కనపడనిది కార్బన్ మోనాక్సైడ్: బ్యూటేన్ 2 + ఆక్సిజన్ 9 → కార్బన్ మోనాక్సైడ్ 8 + నీరు 10. చూడండి, 13 కావలసిన చోట 9 దొరికితే అదే గ్యాస్ నుంచి విషం పుడుతోంది. నిజం మంటలో ఈ చర్యలన్నీ కలిసే జరుగుతాయి, ఒకదాన్నే విడదీయలేం. గ్యాస్ గీజర్ ఉన్న బాత్‌రూమ్‌లో కిటికీ మూసుకుని స్నానం చేయకూడదని చెప్పేది ఇందుకే. ఆ వాయువుకు రంగూ వాసనా ఉండవు. పరీక్షలో ఇది అడగరు. అయినా నేను చెప్పకుండా వదలను.

పరీక్ష కోసం కొన్ని

ఏపీ ఈఏపీసెట్‌లో 180 నిమిషాలకు 160 ప్రశ్నలు, అందులో కెమిస్ట్రీవి 40. క్యాలిక్యులేటర్ ఉండదు. కాబట్టి భాగహారాన్ని చివరిదాకా లాగకుండా భిన్నంగానే ఉంచుకోవడం అలవాటు చేసుకోండి. ఒకటిలో మూడో వంతును 0.33 అని మధ్యలోనే రాస్తే చివర అంకె తేడా వచ్చి, ఆప్షన్ల ముందు కూర్చుని దిక్కులు చూడాల్సి వస్తుంది.

రెండు పదార్థాల పరిమాణాలూ ఇచ్చారంటే అది లిమిటింగ్ లెక్క అని అనుమానించండి. ఒకటే ఇచ్చి రెండోది "అధికంగా" ఉందన్నారంటే వెతకనక్కర్లేదు, ఇచ్చిందే లిమిటింగ్.

అన్నీ వాయువులే, ఉష్ణోగ్రత పీడనాలు మారలేదు అంటే మోల్స్‌లోకి కూడా మార్చకండి. లీటర్లే మోల్స్‌లా పనిచేస్తాయి. 10 లీటర్ల నైట్రోజన్, 24 లీటర్ల హైడ్రోజన్: 10 ÷ 1 = 10, 24 ÷ 3 = 8. అమ్మోనియా 16 లీటర్లు, నైట్రోజన్ 2 లీటర్లు మిగులు. చివర మొత్తం ఘనపరిమాణం ఎంత అని అడిగితే 18. మిగిలిన నైట్రోజన్‌ను మరచిపోయి 16 పెట్టే వాళ్ళ కోసం ఆ 16 కూడా ఆప్షన్లలో ఉంటుంది.

శుద్ధత ఇస్తే దాని పని మొదట్లోనే ముగించండి. 80 శాతం శుద్ధమైన సున్నపురాయి 250 గ్రాములు అంటే పనికొచ్చేది 200 గ్రాములు, 2 మోల్స్. కాల్చితే సున్నం 112 గ్రాములు. ఈల్డ్ శాతం ఇస్తే దాని పని చివర్లో. మన అమ్మోనియా లెక్కలో రావలసింది 68 కిలోలు, వచ్చింది 51 అయితే ఈల్డ్ 75 శాతం. ఈ రెండిటినీ తారుమారు చేసినా ఒక్కోసారి జవాబు సరిపోతుంది. లిమిటింగ్ లెక్కలో మాత్రం శుద్ధతను చివరికి వదిలేస్తే, అయిపోయే పదార్థం ఏదన్నదే మారిపోవచ్చు.

మూడు పదార్థాలు ఇచ్చినా కంగారు పడకండి. మూడిటినీ మోల్స్ చేసి, గుణకాలతో భాగించి, తక్కువది తీసుకోవడమే.

చేసి చూడండి

జవాబులు చేయితో మూసి, ముందు మీరే వేయండి.

8 గ్రాముల హైడ్రోజన్, 48 గ్రాముల ఆక్సిజన్ కలిసి నీరైతే? మోల్స్ 4, 1.5. సమీకరణంలో 2, 1 కాబట్టి భాగిస్తే 2, 1.5. ఆక్సిజన్ అయిపోతుంది. నీరు 54 గ్రాములు, హైడ్రోజన్ 2 గ్రాములు మిగులు.

28 గ్రాముల ఇనుము రజను, 20 గ్రాముల గంధకంతో వేడి చేస్తే? ఇనుము 0.5, గంధకం 0.625, గుణకాలు ఒకట్లు. ఇనుప సల్ఫైడ్ 44 గ్రాములు, గంధకం 4 గ్రాములు మిగులు.

27 గ్రాముల అల్యూమినియం, 71 గ్రాముల క్లోరిన్? అల్యూమినియం 2 + క్లోరిన్ 3 → అల్యూమినియం క్లోరైడ్ 2. రెండూ సరిగ్గా ఒక్కో మోలే, అయినా సమం కాదు: 1/2, 1/3. క్లోరిన్ అయిపోతుంది. క్లోరైడ్ 2/3 మోల్, 133.5తో గుణిస్తే 89 గ్రాములు. అల్యూమినియం 9 గ్రాములు మిగులు. భిన్నాలుగా ఉంచితే ఎంత శుభ్రంగా వచ్చిందో గమనించండి.

6.54 గ్రాముల జింకు మీద 1.5 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 100 మిల్లీలీటర్లు పోస్తే? జింకు పరమాణు భారం 65.4, కాబట్టి 100 మిల్లీమోల్స్. ఆమ్లం 150 మిల్లీమోల్స్, గుణకం 2, కాబట్టి 75. ఆమ్లం అయిపోతుంది. హైడ్రోజన్ 75 మిల్లీమోల్స్, 22.4తో లెక్కేస్తే 1.68 లీటర్లు. జింకు 25 మిల్లీమోల్స్, అంటే సుమారు 1.64 గ్రాములు అడుగున మిగులుతుంది.

0.2 మోలార్ సిల్వర్ నైట్రేట్ 50 మిల్లీలీటర్లు, 0.5 మోలార్ ఉప్పు ద్రావణం 30 మిల్లీలీటర్లు కలిపితే తెల్లటి అవక్షేపం ఎంత? 10, 15 మిల్లీమోల్స్. సిల్వర్ నైట్రేట్ అయిపోతుంది. సిల్వర్ క్లోరైడ్ 10 మిల్లీమోల్స్, 143.5తో 1.435 గ్రాములు.

చివరిది మూడు పదార్థాలది. సాల్వే పద్ధతిలో ఉప్పు, అమ్మోనియా, కార్బన్ డయాక్సైడ్, నీరు ఒక్కో మోల్ చొప్పున కలిసి వంట సోడా ఒక మోల్, అమ్మోనియం క్లోరైడ్ ఒక మోల్ ఇస్తాయి. నీళ్ళు కావలసినన్ని ఉన్నాయి. ఉప్పు 117 గ్రాములు, అమ్మోనియా 51 గ్రాములు, కార్బన్ డయాక్సైడ్ 66 గ్రాములు. మోల్స్ వరసగా 2, 3, 1.5. కార్బన్ డయాక్సైడ్ అయిపోతుంది. చర్య పూర్తిగా జరిగిందనుకుంటే వంట సోడా 126 గ్రాములు. ఉప్పు 29.25 గ్రాములు, అమ్మోనియా 25.5 గ్రాములు మిగులు.